పుర్రెలోని ఇసుక

పక్కటెముకల గూట్లో చిన్న పుర్రె.
ముందు నేనే చూశాను, తుర్కానా సరస్సుకి తూర్పున,
ఎండిన లగ్గా గట్టు కోసుకుపోయిన చోట,
పొద్దున ఎనిమిదింటికే రాయి కాలే వేళ.

పెద్ద కోతి. ఇప్పుడు భూమ్మీద లేని జాతి.
వెన్నుపూస వెనక వెన్నుపూస, వరస చెడకుండా పడుకుంది.
గుండె ఉండాల్సిన చోట
నా పిడికిలంత పిల్ల తల.

అందరం ఒక్కసారి మెత్తబడిపోయాం.
వంటాయన ఎబేయి గరిటెతోనే వచ్చి నిలబడ్డాడు.
నైరోబీ నుంచి వచ్చిన డాక్టర్ వాంజా
"తల్లీబిడ్డా" అంది, నిద్ర లేపకూడదన్నట్టు మెల్లగా.
ఫోటోలు తీసే కుర్రాడు టోపీ తీశాడు.
నేను ఏడ్చాను, దాచడమెందుకు.
లోడ్వార్‌లో అమ్మ దగ్గర వదిలొచ్చాను ఏడు నెలల వాణ్ణి,
చొక్కా తడుస్తూనే ఉంది.

లొకాలె మాత్రం ఏమీ అనలేదు.
ముప్ఫై ఏళ్ళుగా ఎముకలు ఏరుతున్న మనిషి.
బోర్లా పడుకుని, బుగ్గ నేలకానించి,
అద్దెకి ఇల్లు చూసేవాడిలా మూలమూలా చూశాడు.
పక్కటెముక అంచుని గోటితో తాకాడు: పదును.
పుర్రె అంచుని తాకాడు:
చప్పరించి పారేసిన టెంకలా నున్నన.
ఎముకలది బూడిద రంగు. తల నలుపు,
ఎక్కడో నీటి అడుగున ఏళ్ళకేళ్ళు నానిన నలుపు.

"పక్కన ఉన్నంత మాత్రాన..." అన్నాడు.
ఆ మాట అక్కడే వదిలేసి మేకల సంగతి ఎత్తుకున్నాడు.

ఆయనకి పదేళ్ళప్పుడు ఒక రాత్రి లగ్గా పొంగిందట.
తెల్లారి వంపు దగ్గర, ముళ్ళ తుమ్మకి ఆనుకుని
పదకొండు మేకలు, ఒకదాని మెడ మీద ఒకటి,
ఒక్క తల్లి కడుపున పుట్టినట్టు.
చెవి కోతలు చూస్తే
ఆరు ఈయన నాన్నవి, ఐదు ఎకిడోర్ వాళ్ళవి.
ఆ రెండు ఇళ్ళకీ నాలుగేళ్ళుగా మాటల్లేవు.
బతికుండగా ఒక్క గుంటలో నీళ్ళు తాగనివ్వలేదు వాటిని.
"ఏరు కలిపింది. ఏటికేం తెలుసు చుట్టరికాలు?"

అప్పుడు సూది తీశాడు.
కంటిగుంట కింద కాగితం పట్టి, తట్టాడు, తట్టాడు.
రాలింది.
ఎర్ర ఇసుక. ముతక. చక్కెర పలుకులంత.
మేం మోకాళ్ళూనిన మట్టేమో బూడిద రంగు,
ముఖానికి రాసుకునేంత మెత్తన.

ఆ తల ముందెప్పుడో ఇంకో ఏటిలో పూడింది.
రాయయింది. ఆ ఒడ్డూ కోసుకుపోతే బయటపడి
దొర్లి దొర్లి, దారిలో తగిలిన ఎముకల గూట్లో ఆగింది,
వంతెన కింద చెత్త ఆగినట్టు.
అంటే బిడ్డ వయసే తల్లి కన్నా ఎక్కువ.
ఎన్ని వేల ఏళ్ళో
డాక్టర్ వాంజా వేళ్ళ మీద మొదలెట్టి, మానేసింది.

మాడు వాసనకి ఎబేయి పరుగెత్తాడు.

అడిగాను, బహుశా అరిచాను:
మరి ఇక్కడ ఏదీ దేనికీ చెందదా?
"అరవకు నపేయొక్" అని వేలు చూపించాడు.
తుంటి ఎముక కింద ఒక ఆల్చిప్ప.
రెండు రెక్కలూ మూసుకునే ఉన్నాయి.
కొట్టుకొచ్చినదైతే ఏ రెక్కకా రెక్క విడిపోయేది.
ఇది ఇక్కడే బతికింది, ఈ బురదలోనే,
కోతి మునిగిన రోజుల్లోనే నోరు మూసుకుంది.
దానితో నిజంగా ఉన్నది ఇదొక్కటే.
దీనికెవరూ టోపీ తీయలేదు.

సాయంత్రం అట్టపెట్టెలు. చెరో నంబరు.
నల్ల పుర్రెని దూదిలో పడుకోబెట్టి మూత వేశాను.
రెండు పెట్టెల్నీ పక్కపక్కన పెట్టబోతే
లొకాలె ఆపలేదు. దగ్గాడు, అంతే.
చిన్నదాన్ని లారీ అవతలి కొసకి మోశాను.
ఆల్చిప్పని పక్కటెముకలతో ఉంచాను.

ఇక మిగిలింది కాగితంలో మడిచిన ఎర్ర ఇసుక.
పొట్లం మీద ఏం రాయాలో చాలాసేపు తోచలేదు.
చొక్కా మళ్ళీ తడిసింది.
పెన్సిల్ నాలుకకి అద్దుకుని రాశాను:
వేరే ఏరు.